చుట్టరికానికి వెళ్లిన కుర్చీ

మూడో నౌక పుస్తకాల గదిలో, ఎడమవైపు రెండో కిటికీ పక్కన ఉన్న ఆకుపచ్చ కుర్చీ అక్కడికి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నను ఆవిడ నౌకల సంస్థను నాలుగు ఉత్తరాల్లో అడిగింది. నాలుగింటికీ మంచి కాగితం మీద, మర్యాదగా జవాబులు వచ్చాయి. ఒకదానిలో ఆవిడ ఆరోగ్యం గురించి వాకబు చేశారు. మరొకదానిలో శుభాకాంక్షలు పంపారు. కుర్చీ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు కళాశాలలో గృహాలంకరణ పాఠాలు చెప్పి విరమించిన మనిషి ఆవిడ. బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి దాని వయసు చెప్పగలదు. ఆ పేరు విని, విలాస నౌకలు నడిపే సంస్థ ఒకటి తన మూడు నౌకల అలంకరణనూ నిర్వహణనూ పోల్చి మార్కులు వేయమని ఆవిడను పిలిచింది. ఒక్కో నౌకలో ఒక్కో వారం. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు అన్నారు గనుక ఆడపడుచు వెంట బయలుదేరింది.

“మార్కులు వేసేది నువ్వు, తిని కూర్చునేది నేను. పని సమంగా పంచుకున్నాం వదినా,” అంది ఆడపడుచు, ఎక్కీ ఎక్కగానే.

మూడు నౌకలూ ఒకే నమూనాతో కొన్నేళ్ల తేడాలో కట్టినవి. సిబ్బంది వాటిని పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అని పిలుచుకుంటారు. కుర్చీలకూ తెరలకూ మరమ్మతు చేసే గది మూడింటిలోనూ ఉంది. అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చిన నౌకలో ఆ గది ఎత్తేసి ఫొటోల దుకాణం పెడతామని సంస్థ అలంకరణాధికారి మొదటి రోజే నవ్వుతూ చెప్పాడు. అంటే తన కలం ఒక మనిషి బతుకుదెరువు మీద వాలబోతోందని ఆవిడకు తెలుసు. తెలిసే ఒప్పుకుంది, తూకంలో తప్పు రానివ్వననే నమ్మకం ఆవిడది.

మొదటి వారం పెద్దమ్మాయిలో. ఇత్తడి పిడులు తళతళలాడుతున్నాయి. తెరల అంచులన్నీ చేతికుట్టు. పెద్ద హాల్లో మాత్రం ఆరు చోట్ల కార్పెట్ మీద ముదురు రంగు చదరాలు కనిపించాయి. చుట్టూ ఎండకు వెలిసి, ఆ చదరాలు వెలవలేదు. అంటే అక్కడ ఏళ్ల తరబడి ఏవో ఉండేవి, ఇప్పుడు లేవు. ఆవిడ వాటిని టేపుతో కొలిచి రాసుకుంది: అరవై రెండు సెంటీమీటర్లు, యాభై ఎనిమిది. ఆరూ ఒకే కొలత. ఆపైన తిన్నగా మరమ్మతు గదికి దిగింది.

ఆ గదిలో ఇరవై రెండేళ్లుగా ఒకే మనిషి. అందరూ కుర్చీల దర్జీ అంటారు. పెదాల మధ్య చిన్న మేకులు పట్టుకుని సోఫా చెయ్యికి బట్ట బిగిస్తున్నాడు.

“హాల్లో ఆరు చోట్లు ఖాళీగా ఉన్నాయి. అక్కడి సామాను ఏమైంది?”

దర్జీ మేకులు అరచేతిలోకి తీసుకుని, “చుట్టరికానికెళ్లాయమ్మా,” అన్నాడు.

“ఏమిటీ?”

“చెల్లెళ్ల ఇళ్లకండీ. వెళ్లడమే గానీ, తిరిగి రావడం వాటి చేతుల్లో ఉందా?”

పని దగ్గర పరాచికాలు ఆవిడకు గిట్టవు. ఇంకో మాట అడగకుండా పైకి వచ్చి, “ఆరు ఖాళీలు. బాధ్యుడి సమాధానం ఎగతాళిగా ఉంది,” అని రాసింది. మిగతా అన్నింటికీ నిండుగా ఇచ్చి, ఖాళీలకు పద్దెనిమిది కోసింది. నూటికి ఎనభై రెండు.

వారం చివర పుస్తకాల గదిలో ఆకుపచ్చ కుర్చీ ఒకటి ఆవిడ కంటపడింది. పాతదే గానీ చేవ ఉన్నది. అడుగున కుట్టు రెండంగుళాలు విడిపోయింది. విడిపోయిన కుట్టును చూసి ఊరుకోవడం ఆవిడకు పుట్టుకతో రాదు. సంచిలో సూది ఎప్పుడూ ఉంటుంది. ఆ పూట దారం నీలం రంగుదే ఉంది. కుర్చీ బోర్లించి పదకొండు కుట్లు వేసి, చివరి కుట్టు కిందికి దూర్చి ముడి వేసింది. విద్యార్థులకు ఏళ్ల తరబడి నేర్పిన ముడి అది.

“ఊళ్లోవాళ్ల కుర్చీకి ఇంత సేవా! నా జాకెట్టు గుండీ ఆర్నెల్లుగా వేలాడుతోంది, దానికి దిక్కులేదు,” అంది ఆడపడుచు.

“నీ జాకెట్టుకు మార్కులు వేయమని నన్నెవరూ పిలవలేదు.”

రెండో వారం నడిపమ్మాయిలో దీపాల గొడుగులను మాడిన వైపు గోడకు తిప్పి పెట్టారు. ఆవిడ ఒక్కొక్కదాన్నే ఇటు తిప్పి చూసి ఎనభై అయిదు వేసింది.

మూడో వారం చిన్నమ్మాయి. కొత్తది, ఒళ్లంతా మెరుపులు. కానీ గోడపలకల జిగురు ఊడుతోంది, సోఫాల తోలు పొట్టు రాలుతోంది. హాల్లో మాత్రం ఆరు చేతికుట్టు కుర్చీలు హుందాగా ఉన్నాయి. అవి కాపాడబట్టే తొంభై ఒకటి వచ్చింది. మూడు నౌకల మార్కుల పత్రాలూ అలంకరణాధికారి చేతికి అందాయి.

మరునాటి ఉదయం పుస్తకాల గదిలో ఆవిడ కాఫీ కప్పుతో రెండో కిటికీ పక్కన ఆకుపచ్చ కుర్చీలో కూర్చుంది. నౌకలన్నీ ఒకే నమూనా గనుక అలాంటి కుర్చీ ఇక్కడా ఉండటం ఆవిడకు వింతనిపించలేదు. అలవాటు కొద్దీ వేళ్లు కుర్చీ అడుగుకు పోయాయి. పదకొండు కుట్లు. చివర ముడి. కప్పు పక్కన పెట్టి, లేచి, కుర్చీని బోర్లించింది.

నీలం దారం.

ఆడపడుచు నోట్లో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. “వదినా, ఇది మనతోపాటే ప్రయాణం చేస్తోందేమిటే!”

ఆవిడ కుర్చీని నిలబెట్టింది. టేపు తీసుకుని హాల్లోకి నడిచింది. అరవై రెండు, యాభై ఎనిమిది. ఆరూ అంతే. దర్జీ పరాచికం ఆడలేదు; అడిగినదానికి సూటిగా జవాబిచ్చాడు. దాన్ని ఎగతాళి అని రాసి, అతని సొంత పనిని చెల్లెలి ఖాతాలో మెచ్చుకుని, అతని గదికి తాళం వేసే మార్కులు తానే వేసింది. ఆ క్షణాన ఆవిడకు సంస్థ మీద ఎంత మండిందో తన మీదా అంతే మండింది.

వెళ్లి నిలదీస్తే అలంకరణాధికారి చలించలేదు. “అన్నీ మన సంస్థవే కదా మేడమ్. అక్కాచెల్లెళ్లు బట్టలు మార్చుకోరా?”

“మార్చుకుంటారు. అక్క బట్టలు కట్టిన చెల్లెలికి బహుమతిచ్చి, ఒంటి మీద బట్ట లేదని అక్కను గెంటెయ్యరు. నా పత్రాలు వెనక్కివ్వండి, దిద్దాలి.”

“ఒకసారి మా చేతికి అందాక మార్చే వీల్లేదు మేడమ్. పోలిక పత్రం చివరి పేజీ మీద సంతకం పెడితే చాలు.”

“ఈ కుర్చీ ఇక్కడికి ఎలా వచ్చింది?”

“ఇంకో కాఫీ తెప్పించమంటారా?”

ఆ మధ్యాహ్నం మూడు నౌకలూ ఒకే రేవులో ఆగాయి. ఆవిడ పెద్దమ్మాయి మరమ్మతు గదికి దిగింది.

“మీరు నిజమే చెప్పారు. నేను వినలేదు. నా వల్ల మీ గది పోయే పరిస్థితి వచ్చింది.”

దర్జీ స్టూలు తుడిచి ఆవిడ ముందుకు జరిపాడు. “ఆ నీలం దారం మీదేనా అమ్మా? మోసుకెళ్లేముందు చూశాను. ఆకుపచ్చ దారం నా దగ్గరుంది, విప్పి కుడదామనుకున్నా. ముడి చూశాక విప్పబుద్ధి కాలేదు.”

అతను విప్పి ఉంటే ఆవిడ దగ్గర ఏ ఆధారమూ మిగిలేది కాదు.

ఆవిడ చివరి పేజీ మీద సంతకం పెట్టలేదు. అది లేనిదే పోలిక చెల్లదు. చెల్లనిదే గది మూయలేరు. సంతకం కోసం ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆవిడ అదే ప్రశ్న తిప్పి పంపుతోంది. అయిదో ఉత్తరం నిన్న వచ్చింది. ఒక్కరి మాటను సాక్ష్యంగా తీసుకోలేమనీ, నెలాఖరులోగా సంతకం రాకపోతే మరొక నిపుణుణ్ణి పిలుస్తామనీ అందులో ఉంది.

కనుక, ఎప్పుడైనా అలాంటి నౌకలో మీకు చేతికుట్టు ఆకుపచ్చ కుర్చీ చూపించి కూర్చోమంటే, కూర్చోకండి. ముందు బోర్లించండి. నీలం దారంతో పదకొండు కుట్లు కనిపిస్తే, అది అక్కడికి ఎలా వచ్చిందో అడగండి. కాఫీ తెప్పిస్తారు, తాగకండి. జవాబు రాతలో తీసుకుని, సాక్షిగా కింద మీ సంతకం పెట్టి ఆవిడకు పంపండి.