తొంభై పెన్నీల పలుకులు

మా మామ విల్ఫ్ బ్రెయిత్‌వెయిట్ జీవితంలో చేసినవి రెండే ప్రమాణాలు. మొదటిది పెళ్లిలో. రెండోది మేవిస్ అత్తయ్య పోయిన ఏడాది, మా స్కార్‌బీ రేవులో చేపల కొట్టు ముందు వరసలో నిలబడి, ఊరందరూ వినేలా: "చేపా చిప్సూ ప్లేటు ఐదు పౌండ్లు దాటిందంటే, ఆ ప్లేటు చచ్చినా ముట్టను!" మొదటి ప్రమాణాన్ని యాభై రెండేళ్లు నిలబెట్టుకున్న మనిషి. రెండోదాన్ని గాలికి వదిలేస్తాడని నమ్మడానికి మాకు ఏ ఆధారమూ దొరకలేదు.

అప్పుడు ముసలివాళ్లకిచ్చే తగ్గింపు ప్లేటు నాలుగు పౌండ్ల ఇరవై. మూడు నెలల్లో ఐదు దాటింది.

చిక్కేమిటంటే, అత్తయ్య పోయాక ఆయన కడుపునిండా తినేది వారానికి ఒక్క పూట, శుక్రవారం మధ్యాహ్నం చేప. మిగతా ఆరు రోజులూ రొట్టెముక్క, టీ, విసుగు. ఆ ఏడాదే బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. మూడోదానికి బెల్టులో చోటుంది గానీ మనిషిలో లేదు.

"ధర నాన్న చెవిన పడిందో, ఆయన తిండి మానేస్తాడు. ఆయన మానేస్తే నీచేత నేను మానిపిస్తాను" అంది నా భార్య గ్లెనిస్.

అలా మొదలైంది అబద్ధం. ప్రతి శుక్రవారం నా చేతిలో నాలుగు పౌండ్ల ఇరవై పోస్తాడు, మిగతాది నేను వేసుకుంటాను. ఆయనకి మోకాలు బాగోదు, ఇల్లు గుట్ట మీద, పేపర్లో చదివేది గుర్రప్పందేల పేజీ ఒక్కటే. ఇరుగుపొరుగుకి గ్లెనిస్ ముందే నూరిపోసింది. ధర పెరిగే కొద్దీ నా ఉదరం తగ్గింది తప్ప, ఏడేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది లండన్ నుంచి వచ్చింది. పేరు రూపర్ట్. కొట్టు కొన్న వారంలోనే పాత బోర్డు పీకేసి, ఉత్త చేపముల్లు బొమ్మ తగిలించాడు. కొనేవాడికి చివరికేం మిగులుతుందో గుమ్మం మీదే చెప్పాడు, ఆ కొట్టులో నిజాయితీ అంతవరకే. తర్వాత బాణలిలోంచి ఆవు కొవ్వు తీసేసి ఏదో గింజల నూనె పోశాడు. బాణలిలో తగ్గిన కొవ్వంతా ఎక్కడికి ఎక్కిందో ఆయన నడక చూస్తే తెలిసేది. మా యార్క్‌షైర్‌లో హాడక్ చేపకి తోలు తీసి వేయిస్తారు, ఇది చంటిపిల్లలకీ తెలుసు. ఈయన చేప తోలు ఉంచేసి జనం తోలు తీయడం మొదలెట్టాడు. ముసలివాళ్ల ప్లేటు ఎత్తేశాడు. అందరికీ ఒకటే ధర, పదమూడున్నర పౌండ్లు.

పోనీ రుచైనా ఒక తీరుగా ఉండేదా? ఒక వారం పైపిండి పెళపెళలాడేది, మరో వారం వానలో తడిసిన మేజోడులా వేలాడేది. చిప్స్ కోసం వెళ్తే చిప్ప చేతికొచ్చిన రోజులున్నాయి. నూనె కాగినా కాగకపోయినా కాగితం మాత్రం బ్రహ్మాండం. అట్టపెట్టె మీద ఆ చేప ఏ సముద్రంలో ఈదింది, ఏ పడవెక్కింది, ఎంత ఆనందంగా బతికింది, మొత్తం జీవిత చరిత్ర. చదవడం పూర్తయ్యే లోపు చేప పూర్తయిపోయేది.

తోలున్న చేప చూస్తే మామ తినడు. అందుకని నేను ఇంటి గుమ్మం బయటే నిలబడి, వేళ్లు కాల్చుకుంటూ తోలు ఒలిచి, సీగల్ పక్షులకి విసిరి, అప్పుడు లోపలికి పట్టుకెళ్లేవాణ్ణి.

ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించేవాడు. "నాలుగు ఇరవై పోసి ఇదా తినేది? దోపిడీ! అల్లుడూ, ఇది హాడక్కేనంటావా?"

"హాడక్కే మామా. నీ నాలుకే ముసలిదైంది."

నలభై ఒక్కేళ్లు రేవులో చేపలు కోసిన మనిషి. మొదట్లో తిట్టేవాడు. ఈ మధ్య నేనలా అంటే నాలుక పెదాల మీద తిప్పుకుని, "అయ్యుంటుంది" అనడం మొదలెట్టాడు. అది నాకు కాస్త గుచ్చుకుంది. కానీ తింటున్నాడు కదా అనుకున్నాను.

అబద్ధం పగిలింది మాత్రం చేప దగ్గర కాదు, పలుకుల దగ్గర. చేప వేగుతుంటే నూనెలో రాలే పిండి పలుకులు ఉంటాయే, అవి మా వైపు ఉచితం. మా తాతకి ఉచితం, ఆయన తాతకీ ఉచితం. "పలుకులెయ్యి" అంటే చిప్స్ మీద ఒక గరిటెడు పడేవి. ఆ శుక్రవారం నేనూ అలాగే అన్నాను.

రూపర్ట్ గాజు సీసా చూపించాడు. "కరకరలాడే ముత్యాలు. తొంభై పెన్నీలు, సార్."

పలుకులకి ధర వినేసరికి నాకు పలుకు రాలేదు. ఏడేళ్లుగా మారుమాట లేకుండా చేపకి డబ్బు పోసినవాణ్ణి, రాలిన పిండికి తొంభై పెన్నీలనేసరికి ఒళ్లు మండిపోయింది. "నీ ముత్యాలు నువ్వే దండ గుచ్చుకో" అని వచ్చేశాను. నోరు మూసుకుని ఆ తొంభై పారేసుంటే ఈ కథే లేదు.

మామ పెట్టె మూత తీశాడు. "పలుకులేవి?"

"అయిపోయాయంట మామా."

"పలుకులు అయిపోవడమేంటయ్యా? చేప వేగినంతసేపూ రాలుతూనే ఉంటాయి. సముద్రంలో ఉప్పయిపోయిందని చెప్పు, అదైనా నమ్ముతా. అసలు అడిగావా?"

"అడిగాను."

"నువ్వడిగే అడుగుడు నాకు తెలీదా! నీ బస్సులో టికెట్ అడిగినట్టు అడిగుంటావ్. నా కోటు ఇలా తే."

"నీ మోకాలు మామా, నేను మళ్లీ వెళ్లి..."

"కోటు!"

గుట్ట దిగుతున్నంతసేపూ నాకు ఆయన కర్ర చప్పుడు కంటే బెల్టే ఎక్కువ గుర్తొచ్చింది. కొట్టులో ధర బోర్డు లోపల గుమ్మం పక్క గోడకే ఉంది, సుద్దముక్కతో రాసి, గుర్రప్పందేల పేజీ కంటే పెద్ద అక్షరాల్లో.

లోపల వరసలో ఎనిమిదిమంది. ముందున్నది ఐరిస్ కావుడ్, మా వీధి చివరి ఇల్లు. మామని చూడగానే అందరూ ఒకేసారి బోర్డు వైపు, ఆ తర్వాత నా వైపు చూశారు. నేను గబగబా వెళ్లి బోర్డుకి వీపానించి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్లు బస్సు నడుపుతూ సీట్లో కూర్చుని పెంచిన వెడల్పు, తగ్గగా మిగిలింది, ఆ ఒక్కరోజు ఉపయోగపడింది.

"ఎన్నాళ్లకి విల్ఫన్నా! ఇటు రా, నా ముందు నిలబడు. అటు గాలి కొడుతుంది" అంది ఐరిస్, మామని బోర్డుకి వీపు పెట్టేలా తిప్పుతూ.

"బాబూ, కాసిని పలుకులు వెయ్యి" అన్నాడు మామ.

"తొంభై పెన్నీలు, సార్."

"దేనికి?"

"కరకరలాడే ముత్యాలకి."

"ఏంటీ, ముత్యాలా! ఈ లెక్కన మీ కొట్టు ఊడ్చే ఆవిడ నగల వ్యాపారం చేస్తోందన్నమాట. పలుకే ముత్యమైతే చేపనెంతకి అమ్ముతున్నావ్?"

"ఆ సార్ కాస్త పక్కకి జరిగితే బోర్డు కనబడుతుంది."

నేను జరగలేదు.

"జరుగు, అల్లుడూ."

జరిగాను. మామ చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు. 

"ఐదు దాటి ఎన్నాళ్లయింది?"

"ఏడేళ్లు మామా."

"ఊళ్లో ఎవరెవరికి తెలుసు?"

వరసంతా ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నారు. "మా పిల్లికి తెలీదన్నా" అంది ఐరిస్, చిన్న గొంతుతో.

అయిపోయింది, ఇక ఈయన ముద్ద ముట్టడు అనుకున్నాను. మామ మాత్రం కర్రతో బల్ల మీద కొట్టి, "ఒక ప్లేటివ్వు బాబూ. డబ్బు మా అల్లుడిస్తాడు. ఆయనకి అలవాటే" అన్నాడు.

ఇచ్చాను. మామ తినలేదు. పెట్టె తెరిచి బొటనవేలు పైపిండిలోకి దింపాడు. పిండి ఊడింది, ఊడింది, ఇంకా ఊడింది. కొనేవాణ్ణి పిండటానికి ముందు చేపకి అంత పిండి పట్టిస్తారని నాకు అప్పుడే తెలిసింది. చివరికి అడుగునున్న తోలుని చిరక్కుండా ఒలిచి, కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. 

"ఐరిస్, హాడక్‌కి ఒంటి పక్కన గీత ఏ రంగు?"

"నలుపు."

"భుజం మీద?"

"నల్లమచ్చ. వేలిముద్ర వేసినట్టు."

"ఇక్కడ గీత తెల్లగా ఉంది. మచ్చా లేదు. ఇది కోలీ, చవకరకం చేప. మా రోజుల్లో పిల్లికి వేసేవాళ్లం. పిల్లి కూడా మా మొహం చూసి తినేది."

రూపర్ట్ మొహం పిండి రంగులోకి తిరిగింది. "పంపేవాళ్లు హాడక్ అనే..."

"మా ఊరి పద్ధతిలో తోలు తీసేసుంటే నీ గుట్టు నీ దగ్గరే ఉండేది కదయ్యా. తోలు వదిలేశావ్. దొంగతనం కూడా శుభ్రంగా చేతకాదు నీకు."

"అయ్యో, మా పిల్లికి ఏం మొహం పెట్టుకుని చెప్పను! దాని వాటా ఇన్నాళ్లూ నేను తిన్నాను" అంటూ ఐరిస్ వరసలోంచి బయటికి నడిచింది. వెనకే మిగతా ఏడుగురూ, మీనమేషాలు లెక్కపెట్టకుండా. లెక్కపెట్టడానికేముంది? మీనం నకిలీది, మేషాలం మేము.

గుట్ట సగం ఎక్కాం. సీగల్ ఒకటి అలవాటుగా నా వెంటపడింది. దాన్ని చూసి ఆగాడు.

"తోలు దీనికా వేశావ్?"

"ఔను మామా."

"పదమూడున్నర పోసి పిల్లి తిండి కొన్నావ్. సాక్ష్యం ఒలిచి పక్షికి పెట్టావ్. పైగా నా నాలుక ముసలిదైందన్నావ్. నేను నమ్మాను కూడా." ఊపిరి తీసుకున్నాడు. "నా నాలుక లక్షణంగా ఉంది అల్లుడూ. నీకు పిల్లనిచ్చిన రోజున కళ్లే పనిచేయలేదు."

"మరి వచ్చే శుక్రవారం ఏం తింటావ్?" అన్నాను. నేను భయపడిందల్లా దానికే.

"చేప. ఇంకేం తింటారు శుక్రవారం?"

"ప్రమాణం?"

"ఐదు దాటిన ప్లేటు ముట్టనన్నాను. నేను వేయించిన ప్లేటు ఐదెందుకు దాటుతుంది?"

ఇప్పుడు శుక్రవారాలు మా వంటింట్లోనే. గుట్ట కిందికి నా బస్సులోనే వెళ్తాడు, రేవులో చేప భుజం మీద మచ్చ చూసి గానీ కొనడు, వచ్చాక తోలు తీస్తాడు, ముందు చేపది, తర్వాత నాది. ఇల్లంతా ఆవు కొవ్వు వాసన, గ్లెనిస్ కర్టెన్లు ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ వాసన వదలవు. పెరటి గుమ్మం దగ్గర వరసలో నిలబడాలి, గ్లెనిస్ తర్వాత ఐరిస్, ఐరిస్ తర్వాత నేను. ప్లేటు నాలుగు పౌండ్ల ఇరవై. ఆయన తినే ప్లేటు అందరికంటే పెద్దది. బెల్టు ఒక చిల్లు వెనక్కి వచ్చింది.

పలుకులు మాత్రం ఉచితం. గ్లెనిస్‌కి ఒక గరిటె, ఐరిస్‌కి ఒక గరిటె, ఐరిస్ పిల్లికి సాసర్లో కాసిని. పోయిన శుక్రవారం నా వంతు వచ్చింది, నేనూ ప్లేటు చాపి, "పలుకులెయ్యి మామా" అన్నాను.

ఆయన గరిటె ఎత్తి పట్టుకుని నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"నీకైతే తొంభై పెన్నీలు" అన్నాడు.