మేకకు ఏ చిప్ప?

మా ఆఫీసులో 'మేక్' అనే పనిముట్టును మేక అంటాం, 'షెల్'ను చిప్ప అంటాం. ఆ పేర్లు పెట్టింది వదిన. ప్రోగ్రాము తయారవడానికి ఏ కమాండ్లు ఏ వరసలో నడవాలో ఒక ఫైల్లో రాసి ఉంటుంది. మేక దాన్ని చదివి ఒక్కో కమాండునూ చిప్పకు అందిస్తుంది. నడిపేది చిప్ప. చిప్పల్లో చాలా రకాలున్నాయి.

ఆ రోజు మేక మా కంప్యూటర్లో బుద్ధిగా నడిచింది. లిఫ్టుల కంపెనీ ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో మాత్రం మొరాయించింది. లిఫ్టు తలుపుల ప్రోగ్రాము తన మెషీన్ మీద తయారైతేనే తీసుకుంటానన్నాడాయన. సాయంత్రం ఆయనకు రైలు. తీసుకోకుండా వెళ్ళిపోతే వదినా నేనూ కలిసి తెరిచిన ఈ ఒంటిగది ఆఫీసు మూతపడుతుంది. మా చేతిలో ఇంకో పని లేదు.

ఆయన కిటికీ దగ్గర నిలబడి మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. వదిన నా కుర్చీ వెనక కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"ఏ చిప్ప పెట్టావే?" అంది గొంతు తగ్గించి.

"మనం వాడేదే వదినా. బాష్."

"మరెందుకా మేక ఏడుపు? ఇలాగైతే ఆ చిప్పే పట్టుకుని వీధిలో కూర్చోవాలి మనం."

"నవ్వించకు."

"నవ్వొస్తోందా ఆడపడుచుగారికి!"

ఆయన ల్యాప్‌టాప్‌లో కమాండ్లు టైపు చేసే టెర్మినల్లో షెల్‌ను బాష్ అని పెట్టాను. మూసి, తెరిచి, మళ్ళీ పెట్టాను. ఆగిపోయిన కమాండును చేత్తో టైపు చేస్తే చక్కగా నడిచింది. మేక చేత నడిపిస్తే తప్పు జరిగిందంటూ మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు.

ఇంజనీరుకు ఫోనొచ్చి బయటికి వెళ్ళాడు. వదిన నా మీదికి వంగింది.

"ఆయన మెషీన్లో చిప్పనే మార్చెయ్. మెషీన్ మొత్తానికీ బాషే తగిలించు. పాస్‌వర్డు ఇచ్చాడుగా."

"ఆయనకు చెప్పకుండానా?"

"రైలెక్కాక చెబుదాం."

"రేపు వాళ్ళాఫీసులో ఇంకో మెషీన్ మీద నడపరా? అప్పుడేం చేస్తాం?"

వదిన పళ్ళు నూరింది. "అయితే నువ్వే ఏదో ఒకటి చూడు తల్లీ."

ఎర్ర అక్షరాలను మొదటినుంచి చదివాను. అంతదాకా చివరి ముక్కే చూస్తున్నాను: మా కమాండులోని జంట చదరపు బ్రాకెట్లు ఏమిటో తెలియవని. లైను మొదట్లో ఉన్న చిప్ప పేరు బాష్ కాదు, ఎస్‌హెచ్. మా కంప్యూటర్లో ఆ పేరు వెనక ఉన్నదీ బాషే కాబట్టి ఇన్నాళ్ళూ తేడా తెలియలేదు. ఆయన దాంట్లో వేరే చిన్న షెల్ ఉంది. ఆ బ్రాకెట్లు దానికి అర్థం కావు.

"వదినా, మనం బయట పెట్టిన చిప్పను మేక ముట్టుకోవట్లేదు. దాని ఫైల్లోనే చెప్పాలనుకుంటా."

"ఈ ముక్క పొద్దున తట్టకూడదూ!"

"నీకు తట్టిందా?"

మా ఫైలు పైన, షెల్ అంటే బాష్ అని ఒక్క లైను రాశాను. ఇంజనీరు లోపలికొచ్చి, పాతదంతా చెరిపి, తనే మేకను నడిపాడు. లైన్లు జరజరా పాకాయి. వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది. ఎర్ర అక్షరాలు రాలేదు.

"నా మెషీన్లో ఏం మార్చారు?" అన్నాడు.

"టెర్మినల్లో నేను పెట్టింది తీసేశానండి. ఇంకేం ముట్టుకోలేదు. ఇదిగో, మార్చింది మా ఫైల్లో."

ఆ లైను చూశాడు. గడియారం చూశాడు. కూర్చున్నాడు.

"ఒప్పందం కాగితాలు తెండి, సంతకం పెట్టేస్తా. పెన్నుందా?"

పెన్ను కోసం వదిన సొరుగులన్నీ ఒకదాని తర్వాత ఒకటి లాగేస్తోంది.