పొగగొడ్డలికి పదును

ఆ ఉదయం ఆకాశం తూర్పున తెల్లబడి, పడమట నల్లగానే ఉండిపోయింది. మంచు కురవడమో తెరిపివ్వడమో ఏదీ తేల్చుకోలేదు. మేపుల్ చెట్లకు గాటు పెట్టి తీపినీళ్ళు పట్టే రోజులవి. తొట్లు తీసుకుని అడవికి పోవలసిన ఆడవాళ్ళు ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, ఎలుగు వంశం వాళ్ళింటి వైపు చూస్తున్నారు.

హదోనే కొలిమి పాకలోంచి ఆకాశాన్ని ఒకసారి చూసి, మళ్ళీ ఒళ్ళో ఉన్న గొడ్డలి వైపు చూసుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా అది జెనెసీ నది దిగువనున్న ఊరికి, కొంగ వంశం వాళ్ళింటికి చేరాలి. దాంతోపాటు అతని చెల్లెలి కొడుకు దెయోస్ కూడా చేరాలి. వాళ్ళు గొడ్డలి పుచ్చుకుంటే దెయోస్ తిరిగొస్తాడు. పుచ్చుకోకపోతే రాడు.

ఆకులు రాలే కాలంలో దెయోస్, ఆ ఇంటి చిన్నకొడుకూ గొడ్డళ్ళు విసిరే ఆట ఆడారు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకు తిరిగేవాళ్ళే. దెయోస్ చేతిలోది మేనమామ చేసిచ్చిన గొడ్డలి. కర్ర కామ పొడుగునా ఇత్తడి మేకులు బారుగా కొట్టి, మెడ దగ్గర ఆడదాని నడుములా సన్నగా చెక్కాడు. చూసినవాళ్ళెవరూ ఒక పట్టాన చేతిలోంచి వదల్లేదు. విసరడంతోనే ఆ సన్నటి చోట, మేకు దిగిన దగ్గర కర్ర విరిగింది. గొడ్డలి తల ఊడి, పక్కకు ఎగిరి, నవ్వుతూ నిలబడ్డ స్నేహితుడి కణతకు తగిలింది. పోయిన ఆ కుర్రవాడి పేరు ఇప్పుడు రెండు ఊళ్ళలోనూ ఎవరూ నోట పలకరు.

పోయిన ప్రాణానికి బదులుగా ఎలుగు వంశం వాళ్ళు తెల్ల గవ్వపూసల దండలు పంపారు. కొంగ వాళ్ళు తిప్పి పంపలేదు. అలాగని మంచిమాటా పంపలేదు. చలికాలమంతా దెయోస్ ఇల్లు కదల్లేదు. కిందటి నెలపొడుపు నాడు కబురొచ్చింది. 'కుర్రాణ్ణి తీసుకురండి. మేనమామని కూడా రమ్మనండి, తన చేతిపని ఏదైనా పట్టుకుని.'

ఆ చివరి మాటకు అర్థం ఏమిటో ఎవరికీ తెలియలేదు. పెద్దలు కూర్చుని, శాంతికి పొగ తాగడానికీ పనికొస్తుంది, వస్తువూ గొప్పగా ఉంటుంది, పొగగొడ్డలి చెయ్యమన్నారు.

పొగగొడ్డలి చెయ్యడం మాటలు కాదు. ఊళ్ళు తగలబడిన ఏడాది జనమంతా నయాగరా కోట గోడల కింద తలదాచుకున్నప్పుడు, అక్కడి తెల్ల కమ్మరి దగ్గర సమ్మెట కొడుతూ హదోనే ఈ పని నేర్చాడు. ఇనుప పట్టీని కడ్డీ చుట్టూ మడిచి, మడత మధ్యన అరిగిపోయిన ఉక్కు ఆకురాయి ముక్క పెట్టి, ఇసక చల్లి, తెల్లగా కాగేదాకా తిత్తి ఊది అతికించాలి. ఇనుము గొడ్డలికి ఒళ్ళయితే ఆ ఉక్కు పదునుపట్టే వాదర అవుతుంది. వాదరకు వెనక, మడమ మీద పాత తుపాకీ గొట్టం ముక్క ఇత్తడితో అతికితే చిలుం అవుతుంది. ఇదంతా ఒక ఎత్తు, కామ ఒక ఎత్తు. పొగ పోవాలంటే కర్ర లోపల బోలుండాలి. దెబ్బకు ఆగాలంటే బోలు ఉండకూడదు. హదోనే ఎర్రగా కాల్చిన తీగ రెండు కొసలనుంచీ కొద్దికొద్దిగా దింపి, గడ్డిపరక పట్టేంత బెజ్జం చేశాడు. ఇత్తడి మేకు ఒక్కటీ కొట్టలేదు.

చెల్లెలు గవెన్నో గంజి గిన్నె పట్టుకొచ్చింది.

"ముందు దాన్ని బయట పెట్టిరా అన్నా. గిన్నె దగ్గరికి వాదర తెస్తారా ఎవరైనా."

తప్పే. అందరూ తినే గిన్నె ఉన్నచోట పదునైనది ఉండకూడదని పాలు మానకముందే నేర్పుతారు. అతను గొడ్డలిని గోడ అవతల మొద్దు మీద పెట్టివచ్చి, గరిటె అందుకున్నాడు. 

గవెన్నో మెడ వైపు చూశాడు. వెండి బిళ్ళలు లేని ఆ రొమ్ము మీద దుప్పటి బోసిగా ఉంది. ఉన్నవన్నీ కరిగించమని అతనికే ఇచ్చింది. గొడ్డలి ఒక చెంప మీద కొంగ బొమ్మ పొదగగా, జింకతోలు సంచిలో సగానికి పైగా అలాగే ఉన్నాయి.

"ఇంకా మిగిల్చావు."

"అంతే పడుతుంది చెల్లీ."

"రెండో పక్క ఖాళీగా ఉందిగా. వాదర పొడుగునా ఒక గీత లాగొచ్చుగా. నా కొడుకు ప్రాణానికి ఒక్క కొంగ బొమ్మేనా?"

"వెండి దిగాలంటే ఉలితో గాడి తవ్వాలి. తవ్విన చోటల్లా ఇనుము పలచబడుతుంది."

"పలచబడితే పడింది. దాంతో చెట్లు కొడతారా?"

ఏమో, కొడతారేమో అనుకున్నాడు గాని అనలేదు. సంచి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె పుచ్చుకోలేదు. నేల మీదకు జారిన సంచిని అక్కడే వదిలి గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

తరువాత తల్లి వచ్చింది. ఎలుగు వంశానికి ఆమె పెద్దదిక్కు. ఆమె నిలబెడితే నాయకుడు, దింపితే మామూలు మనిషి. మొద్దు మీది గొడ్డలిని తీసి, బొటనవేలితో వాదర తడిమింది.

"ఇంకా నూరలేదు కదా."

"లేదమ్మా. ఇప్పుడు నూరాలి."

"నూరకు. ఉన్నది కూడా మొండి చెయ్యి."

"మొండి చేస్తే అది గొడ్డలి ఎలా అవుతుందే?"

"గొడ్డలి ఎవరడిగారు నిన్ను? పొగ తాగేదానికి వాదరెందుకు?" ఆమె గొంతు తగ్గించింది. "కొడుకు పోయిన ఇల్లురా అది. ఆ ఇంటి పెద్దకొడుకు హనోగ్వా సంగతి నీకు తెలుసు. వాడి చేతికి పదునైనది ఇచ్చి, ఎదురుగా పిల్లాణ్ణి కూర్చోబెడతావా?"

హదోనే ఆమె చేతిలోని గొడ్డలి వైపు చూశాడు.

"నీ చెల్లెలి కొడుకు. మేనమామవి నువ్వు. నీ ఇష్టం." గొడ్డలి అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

అతను ఆకురాయి తీసుకుని వాదర మీద ఆనించాడు. నాలుగు సార్లు అడ్డంగా లాగితే చాలు. పిల్లలు ఆడుకున్నా తెగదు. ఒకసారి లాగబోయి ఆగాడు. కబురులోని ఆఖరి మాట మళ్ళీ చెవిలో పడినట్టయింది. మేనమామ చేతిపని. చూడముచ్చటగా ఉండి పనికిరానిది ఆ ఇంటికి ఒకటి వెళ్ళనే వెళ్ళింది. రెండోది కూడా అలాంటిదే పట్టుకుపోతే, వాళ్ళు మొహాన కొట్టరా? పదునుది పట్టుకుపోతే? ఎటు తిప్పి ఆలోచించినా చివర దెయోస్ మెడే కనిపించింది.

ఆకురాయి పక్కన పెట్టి సానరాయి తడిపాడు. రాయి మీద వాదర వాలు తప్పలేదు. చేతులకు ఆ అలవాటుంది. ముంజేతి మీద రోమాలు తెగేదాకా నూరి, నూనెగుడ్డ చుట్టాడు. తను చేస్తున్నది మంచిపనో కాదో అప్పటికీ తెలియలేదు.

*

నలుగురూ నది ఒడ్డునే నడిచారు. ముసలి తల్లి ముందు, గవెన్నో వెనక, మామా అల్లుళ్ళు చివర. గడ్డకట్టిన బురద కాళ్ళ కింద పెళపెళమంటోంది. దెయోస్ చలికాలంలో బాగా పొడుగయ్యాడు. ఆ పొడుగుకు తగ్గ కండ మాత్రం పట్టలేదు.

"మామా, నన్ను పట్టుకోనియ్యవా దాన్ని?"

"వద్దు."

"బరువుగా ఉందా?"

"ఉంది."

కొంతదూరం పోయాక కుర్రవాడు మళ్ళీ అడిగాడు. "హనోగ్వా ఏమైనా అంటే నేనేం అనాలి?"

"అడిగిందానికి చెప్పు. అడక్కపోతే ఊరుకో."

"పరిగెత్తితే?"

హదోనే అతని వైపు చూశాడు. తమాషాకు అనలేదు. "నువ్వు పరిగెత్తితే వాళ్ళు మీ అమ్మ ఇంటికి వస్తారు" అన్నాడు. 

ఊరి మొదట్లో ఒక ముసలివాడు ఎండలేని అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. వీళ్ళను చూసి లోపలికి కేకేశాడు. "కమ్మరి వస్తున్నాడర్రా. తలలు దించుకోండి, ఏదైనా ఎగురుతుందేమో." లోపల ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

కొంగ వంశం వాళ్ళింట్లో పొయ్యి సన్నగా మండుతోంది. దాని పక్కన చనిపోయినవాడి తల్లి బూడిద పూసిన జుట్టు విరబోసుకుని కూర్చుంది. వెనక హనోగ్వా నిలబడ్డాడు. దుక్కలాంటి మనిషి. ఎలుగు వాళ్ళకూ కొంగ వాళ్ళకూ తాతల నాటి నుంచి బావా అంటే బావా అనుకునే వరస. హనోగ్వా ఆ మాట అనలేదు.

"కూర్చో కమ్మరీ" అన్నాడు.

దెయోస్‌ను పొయ్యికి ఎదురుగా కూర్చోబెట్టారు. హదోనే గుడ్డ విప్పి, గొడ్డలిని ఆ తల్లి ముందు చాప మీద పెట్టాడు. ఆమె చాలాసేపు ముట్టుకోలేదు. తరువాత చూపుడువేలు చాచి, ఇనుము చెంప మీది వెండి కొంగను రాసింది.

"ఒంటికాలి మీద నిలబెట్టావేం?"

"రెండో కాలు దించితే వాదర దాకా వస్తుందమ్మా. అక్కడ గాడి తవ్వితే ఉక్కు నెర్రె విచ్చుతుంది. అందుకని ముడిచి ఉంచాను."

"చలికి ముడుచుకుంటాయిలే" అందామె. గొంతులో కోపమూ లేదు, దయా లేదు.

చిలుంలో పొగాకు కూరి నిప్పు పెట్టారు. ఆమె కామ కొసను పెదవుల మధ్య పెట్టుకుని పీల్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. పొగ రాలేదు. గవెన్నో చెయ్యి వచ్చి అన్న మోచేతిని పట్టుకుంది. ఆమె మళ్ళీ పీల్చింది. హదోనే కళ్ళు ఆమె నోటి మీదే ఉన్నాయి. తీగ మధ్యలో ఎక్కడో వంకరపోయిందా? నుసి అడ్డం పడిందా? మూడోసారి పీల్చినప్పుడు ముక్కులోంచి సన్నగా, నీలంగా పొగ వచ్చింది.

"బిగువుగా ఉంది" అన్నాడు హనోగ్వా.

"బెజ్జం పెద్దదైతే కామ ఆగదు."

"ఈ మాట పోయినసారి గుర్తు రాలేదా?"



"రాలేదు" అన్నాడు హదోనే.

హనోగ్వా తల్లి చేతిలోంచి గొడ్డలి తీసుకున్నాడు. తను పీల్చలేదు. చిలుం పొయ్యి అంచున తట్టి బూడిద దులిపాడు. తల పట్టుకుని కామను ఇటూ అటూ వంచి చూశాడు. తలను బిగించిన చీల ఎంత దిగిందో వేలితో తడిమాడు. అప్పుడు వాదర మీద బొటనవేలు పెట్టి, వెంటనే తీసేశాడు. వేలి మీద ఎర్రటి గీత లేచింది.

"పదును పెట్టావు."

"పెట్టాను."

"మా ఇంటికి తెస్తున్నావని తెలిసే పెట్టావా?"

"గొడ్డలి కదా."

ముసలామె హదోనే వైపు తల తిప్పి చూసింది. ఆ చూపును అతను పక్క చెంప మీదే భరించాడు.

హనోగ్వా పొయ్యి చుట్టూ తిరిగి వచ్చి దెయోస్ ముందు నిలబడ్డాడు. "తలెత్తు" అన్నాడు. కుర్రవాడు ఎత్తాడు.  గొడ్డలి హనోగ్వా తొడ పక్కన వేలాడుతోంది. హదోనే తన మోకాళ్ళు తనే గట్టిగా పట్టుకున్నాడు. లేస్తే ఒక తప్పు, లేవకపోతే ఒక తప్పు. తను నూరిన వాదర మీద పొయ్యి వెలుగు సన్నటి దారంలా వణికింది.

హనోగ్వా తలుపుగా వేలాడదీసిన తోలు తప్పించుకుని బయటికి పోయాడు.

మొదటి దెబ్బ వినపడింది. దెయోస్ ఉలిక్కిపడ్డాడు. రెండో దెబ్బ, మూడో దెబ్బ. మొద్దు మీద కట్టె కొడుతున్నాడు. తక్కినవాళ్ళకు అది కట్టె కొట్టే చప్పుడు. హదోనే మాత్రం దెబ్బదెబ్బకూ తన పనిని వెతుక్కుంటున్నాడు. తల వదులైతే చప్పుడులో చిన్న గలగల ఉంటుంది. అతుకు విడితే మోగదు, బొంగురుపోతుంది. ఇంకా లేదు. ఇంకా లేదు.

అప్పుడు తడి కట్టెలో ఇరుక్కున్న మొద్దుచప్పుడు వచ్చింది. తరువాత ఏమీ లేదు.

ఇరుక్కున్న గొడ్డలిని కామ పట్టి మెలితిప్పి లాగుతారు. బోలు కామకు అంతకన్నా గండం లేదు. కర్ర కిర్రుమన్న చప్పుడు లోపలికి వినపడింది.  ఇంకోసారి కిర్రుమంది. చనిపోయినవాడి తల్లి కూడా పొయ్యి వైపు చూడడం మానేసి తలుపు వైపు చూస్తోంది. బయట చప్పుడు లేదు. ఆకాశం మంచు రాల్చడం మొదలుపెట్టినట్టుంది, పొగ గూటిలోంచి ఒకటి రెండు పలుకులు పడి పొయ్యిలో చుయ్యిమన్నాయి.

ఫెళ్ళున కట్టె చీలింది. ఆ వెనకే ఇంకోటి.

హనోగ్వా చంకలో కట్టెల మోపుతో లోపలికొచ్చాడు. చేతిలో గొడ్డలి లేదు. తలుపు తోలు వాలిపోయే లోపల, బయట మొద్దులో వాదర దిగి, కామ ఆకాశం వైపు లేచి ఉన్న పొగగొడ్డలి హదోనేకు కనపడింది. వెండి కొంగ మీద అప్పుడే మంచు పడుతోంది.

 కట్టెలు పొయ్యిలో పెట్టారు. మంట లేచింది. చనిపోయినవాడి తల్లి కుండ దించి, మొక్కజొన్నలూ చిక్కుళ్ళూ కలిపి ఉడికిన గంజిని పెద్ద కొయ్యగిన్నెలో వంచింది. గిన్నెను మధ్యన పెట్టి, అందులో ఒకే ఒక గరిటె వేసింది. ముందు తను కొంచెం తిని, గరిటె దెయోస్ చేతికిచ్చింది. కుర్రవాడు గరిటె ఎత్తబోయి గంజి ఒలికించాడు. ఆమె తన దుప్పటి అంచుతో చాప తుడిచింది.

హనోగ్వా హదోనే పక్కన నిలబడి ఉన్నాడు.

"జరుగు బావా" అన్నాడు.

హదోనే జరిగాడు. గరిటె చేతులు మారుతూ గిన్నె చుట్టూ తిరిగింది. గిన్నె అడుగు కనిపించేదాకా అలా తిరుగుతూనే ఉంది.