బన్నులక్క కడుపుమంట

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బన్నులక్క అంటే చాలు, మూల మీది బేకరీ చూపించేవాళ్ళు. కౌంటరు దగ్గర కూర్చునేది భర్త, పిండి కలిపేది ఆమె. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారి దగ్గర పని నేర్చుకుంది. ఆయన పోయాక బేకరీ అంతా ఆమె చేతి మీదే నడిచింది. పిండిముద్దను బొటనవేలితో ఓసారి నొక్కి, "ఇంకా నిద్రపోతోంది, కదపకండి" అనేది. ఆ మాటకి తిరుగులేదు.

పొద్దున్నే మొదటి ట్రే ఓవెన్ లోంచి దిగగానే వేడి బన్ను ఒకటి తుంపి సగం తను తిని, మిగతా సగం భర్త నోట్లో పెట్టేది. ఆయన కళ్ళు మూసుకుని నమిలేవాడు. ఆ తరవాతే దుకాణం తలుపు తెరిచేవాళ్ళు.

అలాంటి మనిషి చూస్తుండగానే సగమైపోయింది. ఏం తిన్నా కడుపుబ్బరం, విడవని నోటిపూత, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తం లేదన్నారు. సీసాలకి సీసాలు టానిక్కులు తాగింది. ఫలితం లేక పెద్దాసుపత్రికి వెళితే, అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, గొట్టం వేసి పేగు చూసి, సీలియాక్ అని తేల్చింది.

"గోధుమల్లో గ్లూటెన్ అని ఒక జిగురుంటుందమ్మా. అది మీ పేగుకి పడదు. గోధుమ, మైదా, బార్లీ, ఇవేవీ ముట్టకూడదు. బియ్యం, మొక్కజొన్న, పప్పులు, కూరలు, గుడ్లు, ఇవన్నీ తినొచ్చు."

"ఎన్నాళ్ళండీ?"

"ఎప్పటికీ."

"సరే, తినడం మానేస్తాను. చెయ్యడానికి అభ్యంతరం లేదుగా?"

"ఏం చెయ్యడానికి?"

బేకరీ సంగతి విన్నాక డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "పిండి గాల్లో లేస్తుందమ్మా. ముక్కులోంచి గొంతులోకి, అక్కణ్ణుంచి కడుపులోకి పోతుంది. ఆ గదిలో ఉన్నంతసేపూ మీరు మైదా తింటున్నట్టే లెక్క."

మూతికి గుడ్డ కట్టుకుని కొన్నాళ్ళు మొండికేసింది. మళ్ళీ మంచం పట్టాక భర్త ఊరుకోలేదు. పిండిగదికీ కౌంటరుకీ మధ్య పెద్ద అద్దం బిగించి, తలుపు పెట్టించి, ఆమెని కౌంటరు వైపు కూర్చోబెట్టాడు. వంటింట్లో చెక్క గరిటెలు, జల్లెడలు తీయించేశాడు. ఆమె గిన్నెలు, ఆమె అర, ఆమె చాకు, అన్నీ వేరు. తన ఇంట్లోనే చుట్టంలా ఉందనిపించింది ఆమెకి.

పిండిగదిలోకి ఆడపడుచు వచ్చింది. చిన్నప్పట్నించీ నోరు మూతపడదని ఇంట్లోవాళ్ళు పిచ్చుక అనేవాళ్ళు. పనిచేసే ప్రెస్సు మూతపడి మేడమీద వాటాలో ఖాళీగా ఉంటోంది. చేతులకి పిండి అంటుకుంటే కితకితలు పెట్టినట్టు నవ్వేది. ఒక్కో పని చేశాక తలెత్తి అద్దంలోంచి వదిన వైపు చూసేది. వదిన తలూపితే ముందుకి, తల అడ్డంగా తిప్పితే మళ్ళీ మొదటికి. అలా సైగలతోనే పని నేర్చుకుంది. తొందరగానే నేర్చుకుంది. అదే వచ్చిన చిక్కు.

"ఈమధ్య బన్నులు దూదిపింజల్లా ఉంటున్నాయమ్మా! ఏం కలుపుతున్నారు?" అని రోజూ వచ్చే రిటైర్డు మాస్టారు అడిగాడు. బన్నులక్క చిల్లర ఇచ్చి నవ్వింది. ఆ నవ్వు దవడ దాకా వచ్చి అక్కడే గడ్డకట్టింది. ఇంకో రోజు ఎదురింటావిడ అద్దంలోంచి చెయ్యూపుతూ, "ఏం బన్నులక్కా, ఎలా ఉన్నావ్?" అని పలకరించింది. పలకరించింది పిచ్చుకని!

వాటన్నిటినీ మింగేది. మింగలేనిది ఒక్కటే. పొద్దున్నే మొదటి ట్రే దిగాక పిచ్చుక వేడి బన్ను తుంపి అన్నకి ఇచ్చేది. ఆయన కళ్ళు మూసుకునేవాడు. అద్దానికి ఇవతల, చల్లారిన బియ్యప్పిండి అట్టు ముందు పెట్టుకుని, బన్నులక్క ఆ కళ్ళ వంకే చూసేది. నా చెయ్యి పడిపోయిందా, నా నోరు పడిపోయిందా, నేను బతికుండగానే నా సగం ఇంకొకరికి పోయిందే అని లోపల కుమిలిపోయేది. వాసన మాత్రం ఏ అద్దమూ ఆపలేదు. తలుపు సందులోంచి వచ్చి పక్కనే కూర్చునేది.

ఆ రోజుల్లో బడిలో ఆటల పోటీలకని పెద్ద ఆర్డరు వచ్చింది. పిచ్చుకకి కాలు నిలవలేదు. పిండి పోసింది, చక్కెర వేసింది, వెన్న వేసింది, ఈస్ట్ వేసింది. ఇంతలో పాలవాడు వచ్చి ఏదో అన్నాడు. వాడితో కబుర్లలో పడి, తిరిగొచ్చి నీళ్ళు పోసి పిసకడం మొదలుపెట్టింది. అరమీద ఉప్పు డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. అద్దం ఇవతలి నుంచి బన్నులక్క చూస్తూనే ఉంది.

పిచ్చుక అలవాటుగా తలెత్తి కనుబొమ్మలు ఎగరేసింది. బాగానే ఉందా వదినా అన్నట్టు.

బన్నులక్క తలూపింది.

ఉప్పు లేని పిండికి పగ్గాలుండవు. గబగబా పొంగింది, జావలా జారింది, ఓవెన్లో పాలిపోయి చప్పబడింది. మధ్యాహ్నానికి బడి నుంచి గంపలు తిరిగొచ్చాయి. నలుగురి ముందూ అన్న చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు. "కబుర్లు తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాను నీకు! మీ వదిన చెయ్యి ఉన్నన్నాళ్ళు ఒక్క బన్ను వెనక్కి రాలేదు!"

ఎంత కాలానికి విందామె ఆ మాట! ఆ పూట బన్నులక్క కడుపునిండా అన్నం తింది. ఉత్త అన్నం, పప్పు. అమృతంలా ఉంది.

సాయంత్రం పిచ్చుక వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. వచ్చి వదిన గడ్డం పట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పింది.

"నీకు చూపు సరిగ్గా ఆనుతోందా వదినా?"

"ఏం, ఎందుకు?"

"రక్తం తక్కువైతే చూపు మందగిస్తుందట. నేను ఉప్పు వెయ్యకపోయినా తలూపావంటే నీకు కనపడి ఉండదు. అన్నయ్య తిడితే తిట్టాడులే. ముందు డాక్టరమ్మకి చూపిద్దాం పద."

అవునే, కళ్ళు మసకలే అంటే సరిపోయేది. బన్నులక్కకి ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"కనపడింది," అంది.

"ఏంటి?"

"డబ్బా మూత తియ్యలేదని కనపడింది. చూసే తలూపాను."

పిచ్చుక చెయ్యి గడ్డం మీంచి జారింది. ఆ నోటికి మాట కరువవడం అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మెట్లెక్కి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అన్న స్వయంగా పిండి కలిపితే బన్నులు గుండ్రాళ్ళలా వచ్చాయి. "ఒక్కమాట అన్నానని ఇంత అలకా!" అని విసుక్కున్నాడు. బన్నులక్క ఇక కూర్చోలేక మేడమీదికి వెళ్ళింది. ఆయాసం తీరేదాకా గుమ్మంలోనే నిలబడింది.

"ఎందుకు చేశావు వదినా?" పిచ్చుక లోపల్నించే అడిగింది. "నేనేం తీసుకున్నాను నీది?"

"నీ బన్ను ఎలా ఉంటుందో నాకు తెలీదే," అంది బన్నులక్క. "వీధివీధంతా తింటోంది. మీ అన్నయ్య కళ్ళు మూసుకుని మరీ తింటున్నారు. బాగుందో లేదో నాకొక్కదానికే తెలీదు, ఎప్పటికీ తెలీదు. ఆ ఏడుపు నాది." లోపలికి వచ్చి, "నిజం చెప్పు. నాకంటే బాగా చేస్తున్నావా?" అంది.

"ఛ, నీ చేతి ముందు నాదెంత."

"అబద్ధాలాడకు."

పిచ్చుక మొహం తిప్పుకుని ఆలోచించింది. "మెత్తదనం నాదాన్లోనే ఎక్కువ. కానీ మర్నాటికి ఎండిపోతుంది. నీది అలా ఎండేది కాదు."

మొదటి మాట సూదిలా దిగింది. రెండో మాట దగ్గర మాత్రం బన్నులక్కలోని పనిమంతురాలు లేచి కూర్చుంది. "వెన్న మొదట్లోనే వేసేస్తున్నావు కదూ?"

"అవును, అన్నిటితోపాటు."

"అదీ సంగతి. పిండి నీళ్ళు బాగా పీల్చుకున్నాక వెయ్యాలి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పబుద్ధి కాలేదు."

పిచ్చుక ఆమె వంక తేరిపార చూసింది. "ఎంత గుండెల్తీసిన దానివి వదినా నువ్వు!" అంది. ఆ గొంతులో కోపం సగమే ఉంది. "రేపట్నించి వస్తాను. కానీ ఉప్పు సంగతి అన్నయ్యకి నువ్వే చెప్పుకోవాలి. నేను మొయ్యను."

ఆమె చెప్పింది. అన్నం వడ్డిస్తూ చెప్పింది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"దాన్ని నా చేత నలుగురిలో తిట్టించావన్నమాట."

"మీరు దాని బన్ను తింటుంటే చూడలేకపోయాను."

"బన్ను తింటేనా!" ఆయన నిర్ఘాంతపోయాడు. "దానికోసం ఇంత చేశావా? మానేస్తాను పో."

"మానొద్దు. నా ఎదురుగా కళ్ళు మూసుకోకండి, అంతే."

నవ్వాలో కోప్పడాలో ఆయనకి తెలియలేదు. కంచం వదిలి, మేడమీదికి వెళ్ళి, చెల్లెలి గుమ్మంలో చాలాసేపు గొణిగి వచ్చాడు. రెండు రోజుల పాటు భార్యతో పొడిపొడిగానే మాట్లాడాడు.

ఆ వారంలోనే ఆడవాళ్ళిద్దరూ బడికి వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌కి క్షమాపణ చెప్పుకున్నారు. ఆవిడ అంత పట్టించుకోలేదు. "అప్పుడప్పుడు జరుగుతాయండీ. వార్షికోత్సవానికి మళ్ళీ మీరే ఇవ్వండి. అన్నట్టు బన్నులక్క ఎవరు మీలో?" అంది. పిచ్చుక వదిన వంక చూసింది. బన్నులక్క గొంతు సవరించుకుంది. "అందరూ పిలిచేది నన్నే. బన్నులు చేసేది మాత్రం మా ఆడపడుచండీ," అంది. పన్ను పీకించుకున్నంత పనైంది.

పిచ్చుక తన వాటాలో వంటగది కడిగించి, మైదా రవ్వంత లేకుండా చేసి వదినకి అప్పగించింది. చిన్న ఓవెన్ ఒకటి కొన్నారు. బియ్యప్పిండి, మొక్కజొన్నపిండి, గుడ్లు పెట్టుకుని బన్నులక్క కొత్త పనిపిల్లలా మొదలుపెట్టింది. జిగురు లేని పిండి మాట వినదు. ఒకరోజు పెచ్చులుగా రాలింది, ఒకరోజు ఇటుకలా బిగిసింది. కొన్ని నెలలకి పళ్ళు దిగే రొట్టె ఒకటి తయారైంది. రుచి అంతంతమాత్రం. అయినా తన నోటితో తిని, తన నోటితోనే వంకలు పెట్టగలిగేది.

తరవాతి పరీక్షలో రక్తం పెరిగిందని, పేగు మానుతోందని వచ్చింది. "గట్టి మనిషేనమ్మా," అంది డాక్టరమ్మ. "మానెయ్యడంలో బాగా కష్టమైందేంటి? రొట్టేనా?"

"మా ఆడపడుచు మీద ఏడవడమండీ," అంది బన్నులక్క. "ఇంకా పూర్తిగా మానలేదు."

డాక్టరమ్మ నవ్వింది. తను నిజమే చెప్పింది కాబట్టి బన్నులక్క నవ్వలేదు. మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనుక్కుని, తింటూ బస్సు కోసం నిలబడింది.