రెండువందల యిరువదియొక్క విస్తళ్లు

చండభానుకిరణసంతప్తమైన వైశాఖమధ్యాహ్నమున కాకులు తమ నీడలను తామే రెక్కలక్రింద దాచుకొని యెగురుచుండగా, కాలువలో మిగిలిన కడపటి చేపలు మంచినీరడుగుటకై గట్టెక్కి గడపగడపకు దిరుగుచుండగా, దొండలవాగుకోట ప్రభువగు చెన్నమరెడ్డి తన ప్రజల చెరకుతోటలు కన్నులయెదుట వాడిపోవుట చూచుచు విందుపందిరిక్రింద నిశ్చేష్టుడై నిలిచియుండెను. ఎగువ తూము మూడుతరముల పగవాడగు కంబాలకొండ బసవప్పనాయని వశమున నుండెను. దానిని దెరచుట కాతడు విధించిన నియమ మొక్కటియే. సంధివిందునకు వచ్చు తన పరివారమంతయు సమానపంక్తులలో కూర్చుండవలెను. ఏ పంక్తియం దొక్కడు తక్కువైనను అది యవమానము, తూము మూతపడియే యుండును. ఒంటరివాడు కూర్చున్నది పంక్తి గాదు. అందరు నొక్కవరుసగా కూర్చుండుటకు పందిరి చాలదు.

నాయడు తనతో గూడ రెండువందల యిరువదియొక్కమందిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆతని గణకుడగు సోమయ్య మీసము దువ్వుచు ముందునకు వచ్చెను.

"ఈ లెక్క నేనే కట్టి తెచ్చినాను రెడ్డిగారూ. రెండు మొదలు పద్నాలుగు దాకా వేసి చూసినా, ఒక్కటీ తెగలేదు. పదిహేను పదిహేనులు రెండువందల ఇరవైఐదు, మా మందిని దాటిపోయె. అంతకంటే పెద్దది తెగాలంటే దాని జత చిన్నది ముందే తెగి ఉండాలి గదా. ఇది ప్రధానసంఖ్య. మీరెట్లా కూర్చోబెట్టినా పంక్తి విరుగుతుంది."

"చెరకు ఎండితే ఎండనీలే రెడ్డీ, పొయ్యిలోకి పనికొస్తుంది" అని నాయడు నవ్వెను.

రెడ్డి భటులు మువ్వురేసి కూర్చుండబెట్టగా నిద్దరు మిగిలిరి. ఏడుగురేసి కూర్చుండబెట్టగా నలుగురు మిగిలిరి. పదునొకండుగురేసి కూర్చుండబెట్టగా నిరువది పంక్తులు నిండి యొక్కడు మిగిలెను. ఆ మిగిలినవాడు కావలెనని వెనుక నిలిచిన నాయడే. రెడ్డి ముఖము వివర్ణమయ్యెను.

అంతట నలువదియేండ్లుగా ఆ కోటలో విస్తళ్లు పరచు వృద్ధ నాగసానమ్మ, ఎక్కములెరుగనిదయ్యు వరుసలెరిగినది, అందరను లేపి పందిరినిండ పదునైదు వరుసలుగా వరుసకు పదునైదు విస్తళ్లు పరచెను. నాలుగు విస్తళ్లధికమయ్యెను.

"ఆ నాలుగూ ఎవరికమ్మా, మీ పితృదేవతలకా?" అని సోమయ్య యడిగెను.

"ఉండండయ్యా, తినేది మీరే గదా" అని పలికి యామె కడపటి రెండువరుసలను సంపూర్ణముగ నెత్తివేసెను. ముప్పది విస్తళ్లు చేతికి వచ్చెను. నిలిచిన పదుమూడు వరుసల చివరను రెండేసి చొప్పున పేర్చుకొనుచు బోగా నిరువదియారు చెల్లి నాలుగు మిగిలెను. ఆ నాలుగింటిని సోమయ్య చేతిలో నుంచి "మాకు అక్కర్లేదు నాయనా, ఇంటికి పట్టుకుపోండి" అనెను. వరుసకు పదునేడుగురు చొప్పున పదుమూడు వరుసలు, ఏ వరుసయు కొరతపడక, ఏ విస్తరియు మిగులక నిండెను. సోమయ్య ముమ్మారు లెక్కించెను గాని పదునేడు పదుమూడులు ఆతని మొగము చూచి మారలేదు.

నాయడు పండ్లు కొరికెను. "పదమూడు వేసి చూడలేదురా?"

"మన కోటలో పదమూడో ఎక్కం ఎవరు చదువుతారు దొరా" అని సోమయ్య తలవంచుకొనెను. "అది చెప్తూ చెప్తూ పంతులు కూలిపోయినాడని మీ తాతగారే మాన్పించిరి. పన్నెండు అయినాక పద్నాలుగే మాకు నేర్పినారు."

కంబాలకొండవారు తలయెత్తక భుజించిరి. పులుసు బాగున్నదని యొక్కడనలేదు. రెడ్డి స్వయముగ నేయి వడ్డించెను గాని యెవ్వని కన్నులలోనికిని చూడలేదు. సాయంకాలమునకు తూము దెరవబడెను.

గుర్రమెక్కుచు నాయడు సోమయ్యతో రెడ్డి వినునట్లు పలికెను. "రేపటినుంచి పిల్లలందరిచేతా పదమూడో ఎక్కం చెప్పించు. వచ్చే ఏడు ఎవరూ పంచలేని మందితో వస్తా."

"రండి. ఆకులు కోయించి పెడతాం" అని రెడ్డి బదులిచ్చెను.

విద్య ప్రేమచేతనే ప్రవేశింపవలెనను నియమమెక్కడను లేదు. ద్వేషము దెరచిన ద్వారమునను అది తలవంచక లోనికి నడచును. మరునాటి యుదయమున కంబాలకొండ బడిలోని పదుమూడవ యెక్కము శత్రువుల చెవిని బడవలెనన్నంత బిగ్గరగా దిగువకు వినవచ్చుచుండగా, నిండుగ పారుచున్న కాలువ గట్టున కూర్చుండి నాగసానమ్మ మోదుగాకులు కుట్టుచుండెను.