పర్లాకిమిడిలో సంతకం

“వ్యాపారం ఎవరిదని అడుగుతాడు. నాదే అని సెప్పాలి. గట్టిగా సెప్పాలి. నీళ్ళు నమలకు,” అన్నాడు తిరుమలరావు, మేడ మీద పిట్టగోడకి ఆనుకుని చేతిలో కాగితం చూస్తూ.

పరమేశ్వరి తడిపి పరిచిన పాత పంచె మీద గుమ్మడి వడియాలు పెడుతోంది. ఎండ ముదరకముందే నాలుగు పంచెలూ నిండాలి. “నాదే,” అంది తలెత్తకుండా.

“అలాగ కాదే. దొంగలాగ సెప్తన్నావు.”

దొంగలాగే ఉంది ఆమెకి. పరమేశ్వరికి తప్పు చేశాననిపించడానికి నిజంగా తప్పు చెయ్యనక్కర్లేదు. పప్పులో ఉప్పు సరిపోయినా, ఎక్కడో ఎక్కువేశానేమోనని పీకుతూనే ఉంటుంది. అలాంటి మనిషిని పట్టుకుని, సర్కారు ఆఫీసరు ఎదుట అబద్ధమాడమంటున్నాడు మొగుడు. అబద్ధం కాదు మరి, కాగితాల్లో ఉన్నదే కదా అంటాడు. శృంగవరపుకోట బజారులో ఆయన బట్టల కొట్టు మునిగి, బ్యాంకులో పేరు చెడ్డాక, ఎనిమిదేళ్ళ క్రితం ఈ వడియాల వ్యాపారం మొదలుపెడుతూ, ఆడవాళ్ళకిచ్చే లోను కోసం అన్ని కాగితాల్లోనూ యజమానిగా ఆమె పేరు రాయించాడు. వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆమె సంతకం పెట్టింది. చదివితే అనుమానించినట్టుంటుందని చదవను కూడా లేదు. కొట్టు మీద ‘శ్రీ కన్యకాపరమేశ్వరి హోమ్ ఫుడ్స్’ అని బోర్డు కట్టినప్పుడు, మీ ఆవిడ పేరు పెట్టుకున్నారే అని ఎవరో అంటే, తిరుమలరావు నవ్వేసి “మా ఆవిడ పేరేటండీ, అమ్మోరి పేరు,” అన్నాడు. ఆవేళ లోపల అప్పడాలు ఒత్తుతున్న పరమేశ్వరి కూడా, అవును మరి, అమ్మవారితో నాకు పోటీ ఏమిటి అని చెంపలేసుకుంది.

ఇప్పుడు బరంపురంలో పెద్ద దుకాణాల వాళ్ళు నెలనెలా వడియాలు కావాలన్నారు. ఒడిశా వాళ్ళకి వడియమంటే ప్రాణం. అయితే ఆంధ్రాలో చేయించుకున్న జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కడ చెల్లదు. అక్కడ సరుకు నిలవ పెట్టి అమ్మాలంటే అక్కడో చిరునామా ఉండాలి, అక్కడో రిజిస్ట్రేషను వేరేగా ఉండాలి. దానికి పర్లాకిమిడిలో పరమేశ్వరి పుట్టిల్లు పనికొచ్చింది. ముందు గది వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని అక్క యమున కాగితం రాసి, కరెంటు బిల్లు జతచేసి పంపింది. రేపు ఆఫీసరు ఆ గది చూడడానికి వస్తాడు. యజమాని ఎదురుగా ఉండి తీరాలి. తేడా వస్తే అర్జీ కొట్టేస్తాడు, బరంపురం బేరం చేజారుతుంది. అది చేజారితే ఈ వేసవికి తీసుకున్న పనివాళ్ళని మాన్పించెయ్యాలి. వాళ్ళలో తవిటమ్మ కూతురు కాలేజీ ఫీజు ఈ వడియాల మీదే ఉంది.

“మరి మీరేం చేస్తారని అడిగితే?” అంది.

“సాయం చేస్తారని సెప్పు. అక్కడికి ఆపీ.”

సాయం అనే మాటకి ఆమెకి నవ్వు రాబోయి, నవ్వినందుకు మళ్ళీ పాపభీతి వేసింది. ఆయన తిరగడం లేదా, ఎండనక వాననక! కొట్టుకీ బ్యాంకుకీ తిరిగేది ఆయనే. పప్పు నానబెట్టడం, గుమ్మడికాయలు తరగడం, పిండి పులుపెక్కకుండా చూడడం, వాన చుక్క పడితే పరుగెత్తి మేడెక్కడం, వాటన్నిటికీ పేరు లేదు. ఎవరైనా అడిగితే ఆమె కూడా “ఖాళీగానే ఉంటానండీ, ఇంట్లోనే,” అనేది.

మర్నాడు పాతపట్నం దాటి కారు పర్లాకిమిడిలోకి తిరిగేసరికి దుకాణాల మీద గుండ్రటి తలల ఒడియా అక్షరాలు కనిపించాయి. ఆమె చదువంతా ఆ అక్షరాల్లోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కాపరానికొచ్చిన కొత్తలో డబ్బాల మీద సరుకుల పేర్లు ఒడియాలో రాసుకుంటే అత్తగారు, “ఏటే ఇవి, గుండు గీయించుకున్నోళ్ళు వరసకట్టినట్టున్నారు!” అని వీధిలో వాళ్ళని పిలిచి చూపించింది. అందరూ నవ్వారు, పరమేశ్వరీ నవ్వింది. ఆ మధ్యాహ్నమే డబ్బాలన్నీ కడిగేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో అక్కతో ఫోన్లో తప్ప ఆ భాష నోట్లోకి రానివ్వలేదు.

గుమ్మంలో యమున నిలబడి ఉంది. “మణికట్టు విరిగితే రాలేకపోయినావు. కరెంటు బిల్లుకి వచ్చినావమ్మా,” అంది, నవ్వుతూనే. పోయినేడు అక్క చేతికి కట్టు కట్టించుకుని ఒంటిచేత్తో వండుకున్న నెలన్నర పరమేశ్వరికి గుర్తుంది. గుమ్మడికాయల లోడు దిగి ఉంది అప్పుడు, తను లేకపోతే కుళ్ళిపోతాయి. ఎవరూ వెళ్ళద్దనలేదు. “ఎల్తే ఎల్లు, నీ ఇష్టం,” అన్నాడు తిరుమలరావు. ఆ మాటతో గడప దాటడం ఆమెకి చేతకాలేదు. అక్క చెయ్యి పట్టుకుని చూసింది. ఎముక కాస్త వంకరగా అతికింది. కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆఫీసరు కటక్ వైపు నుంచి కొత్తగా వచ్చిన నడివయసు మనిషి, తెలుగు రాదు. తిరుమలరావు హిందీ అందుకున్నాడు గానీ ఆ హిందీ రెండో వాక్యంలోనే కూలబడింది. ఆఫీసరు, ముందు గది గోడకి కొత్తగా తగిలించిన బోర్డుకి ఫోటో తీసుకుని, పరమేశ్వరి వైపు తిరిగి, ఈ వ్యాపారం ఎవరిది అని ఒడియాలో అడిగాడు.

“మోర, ఆజ్ఞా,” అంది.

నాదేనండీ అన్నమాట. తెలుగులో పొద్దస్తమానం వల్లించినా దొంగమాటలాగే పలికింది గానీ, ఒడియాలో వల్లించలేదు కదా, అందుకేనేమో ఎవరో నీ పేరేమిటని అడిగితే చెప్పినంత తేలిగ్గా వచ్చేసింది. తనే ఉలిక్కిపడింది.

ఆయన అడుగుతూ పోయాడు. గుమ్మడికాయ ఎక్కడ కొంటారు? మబ్బు పట్టిన రోజున ఎలా ఆరబెడతారు? వానాకాలంలో ఈ గదిలో చెమ్మ వస్తుంది కదా, సరుకు పాడవదా? మొగుడు వల్లె వేయించిన ప్రశ్నల్లో ఒక్కటీ లేదు. పరమేశ్వరికి కాగితం అక్కర్లేకపోయింది. గోడకి జానెడు ఎడంగా చెక్కలు వేయిస్తానంది. అరకు వైపు కాయకీ మైదానం కాయకీ నీరులో తేడా చెప్పింది. ఆరిన వడియం వేలితో నొక్కితే విరగాలి గాని వంగకూడదని చూపించింది. “అన్నీ మీకు తెలుసే!” అన్నాడాయన, రాసుకుంటూ. మధ్యమధ్య తిరుమలరావు “ఏటంటాడు? ఏటన్నావు?” అని అడుగుతుంటే, ఒక్క మాట పోనివ్వకుండా తెలుగులో చెప్పింది. మొగుడు తల ఊపాడు, బాగా చెబుతున్నావన్నట్టు.

ఆఖర్న ఆఫీసరు అర్జీలో ఒక చోట వేలు పెట్టాడు. యజమానిగా మీ పేరుంది. కాగితాల మీద సంతకం చేసే అధికారం మాత్రం మీ భర్తకని రాశారు. ఇంత తెలిసిన మనిషి మీరుండగా, ఆయనెందుకు?

పరమేశ్వరి ఆ గడి కేసి చూసింది. ఎనిమిదేళ్ళలో ఇలాంటి కాగితం చదవడం ఇదే మొదలు. ఇది ఇలాగే ఖాయమైతే సరుకు ఎవరికి అమ్మాలో, ఎవరికి మానాలో, ఏ కాగితం వెళ్ళాలో, అన్నీ ఆయన చేతిలోనే. శృంగవరపుకోటలోనూ ఇలాగే ఉండి ఉంటుంది. ఆఫీసరు అడిగింది మొగుడికి తెలుగులో చెప్పింది.

తిరుమలరావు తేలిగ్గా నవ్వాడు. “దానికేటుంది. ఆడోళ్ళకి ఇయ్యన్నీ తెలవ్వు, నేనే సూసుకుంటానని సెప్పు.”

చెడ్డగా అనలేదు. రోజూ అనే మాటే. ఆయన మంచివాడే, ఎప్పుడూ చెయ్యెత్తలేదు, అక్క కూడా అంటుంది. పక్కన యమున టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి రెండు భాషలూ వచ్చు. ఈ మాట ఇప్పుడు పరమేశ్వరే తన నోటితో, తను అ ఆలు దిద్దుకున్న భాషలో, ఆఫీసరుకి అప్పజెప్పాలి. ఆడవాళ్ళకి ఇవన్నీ తెలియవు, నాకేమీ తెలియదు. ఇంతసేపూ గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా తెలియకుండానే చెప్పిందనుకోవాలి. ఈయన్ని నలుగురిలో చిన్నబుచ్చుతానా, ఇంటికెళ్ళాక అత్తగారి మొహం ఎలా చూస్తాను, ఇంత నమ్మి తీసుకొస్తే ఇదా నేను చేసేది, అనుకుంది. చదవకుండా పెట్టిన సంతకాలన్నీ ఎప్పటెప్పటివో కళ్ళముందు కదిలాయి. అవీ నా తప్పే కదా అనుకుంది. తప్పు తప్పించుకునే దారి ఎటూ లేదు.

“అది పొరపాటున రాశారు, ఆజ్ఞా,” అంది ఒడియాలో. “ఆయన పేరు తీసెయ్యండి. సంతకం నేనే పెడతాను.”

ఆఫీసరు తలాడించి, సవరణ ఎలా పంపాలో చెప్పి, ఒక కాగితం ముందుకి జరిపాడు. పరమేశ్వరి పై నుంచి కింద దాకా చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది. సంతకం పెట్టింది, ఒడియాలో. యమున చేతిలో గ్లాసులు గలగలమన్నాయి.

తిరుమలరావు మురిసిపోతూ వంగి, “సెప్పినావా?” అన్నాడు.

ఇక్కడ ఊఁ అంటే చాలు. రిజిస్ట్రేషను కాగితం ఇంటికొచ్చేదాకా, ఓ నెలపాటు, ఏ గొడవా ఉండదు. అబద్ధమాడడం అంటే ఏమిటో పరమేశ్వరికి అప్పుడు తెలిసింది. మహాపరాధం చేసినట్టే ఉంది. అయినా మొగుడి మొహంలోకి సూటిగా చూసి, ఈసారి తెలుగులో, గట్టిగా చెప్పింది.

“మీరు సెప్పమన్నది సెప్పలేదండీ. మీ పేరు తీసెయ్యమన్నాను.”