ఎడమ రెప్ప

"ఒక్క బటన్ నొక్కితే అయిపోయే పనికి ఇంత ఆలోచనేంటి?" అన్నాడు మొగుడు, సోఫాలో కాళ్లు జాపుకుని. ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది. అందులో సగానికి పైగా ఆయనగారివే.

అత్తగారు పోయి వచ్చే ఆదివారానికి ఏడాది. బంధువులొస్తారు కాబట్టి హాల్లో నాలుగడుగుల ఫోటో ఉండాలని ముగ్గురు కొడుకులూ ఫోన్లో గంటసేపు చర్చించి తీర్మానించారు. తీర్మానం వాళ్లది, పని ఈమెది. పన్నెండేళ్లుగా ఫోటో ల్యాబ్‌లో ఆమె చేసేది అదే, చిన్న ఫోటోలని పెద్దవి చేయడం. ఏఐ సాఫ్ట్‌వేర్ వచ్చిందని తెలిసిన రోజు నుంచీ ఇంట్లో ఆమె పనికి బటన్ ఉద్యోగం అని పేరు పెట్టారు.

ఇంతకీ అమ్మ ఫోటో ఏదీ? ముగ్గురి ఫోన్లూ గాలిస్తే కార్లు, బళ్లు, హోటల్లో తిన్న ప్లేట్లు, మరిది కుక్క నిద్రపోతున్న ఫోటోలే నలభై. అమ్మది ఒకే ఒక్కటి దొరికింది. అదైనా అమ్మ కోసం తీసింది కాదు. బావగారు కొత్త కారు పక్కన నిలబడి తీయించుకున్నదాంట్లో, వెనక గుమ్మంలో ట్రే పట్టుకుని ఆవిడ అడ్డొచ్చింది. ముఖం గోరంత. ఆ ఫోన్ నుంచి ఈ ఫోన్‌కి తిరిగి తిరిగి అది కూడా నలిగిపోయింది. కన్నకొడుకుల భక్తి అబ్బో, చెప్పుకోవాలి!

ఆ ముఖాన్ని కత్తిరించి సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చింది. అది ఉన్నదాన్ని పెద్దది చేసి ఊరుకోదు, లేనిచోట ఇలా ఉండి ఉంటుందిలే అని ఊహించి నింపుతుంది. లక్షల ముఖాలు చూసి నేర్చుకున్న ఊహ. ఆమె అత్తగారిని మాత్రం అదెన్నడూ చూడలేదు. నిమిషంలో తెరమీద ఒక పెద్దావిడ ప్రత్యక్షమైంది. నున్నటి బుగ్గలు, వరసైన పళ్లు, రెండు కళ్లూ విప్పార్చుకుని చల్లగా నవ్వుతోంది. ఎవరో గొప్పింటావిడ.

అత్తగారి ఎడమ రెప్ప సగం వాలిపోయి ఉండేది. చివరి నాలుగేళ్లూ ఆ కన్ను కనిపించేది కాదు. వంటింట్లో ఎడమవైపు పెట్టిన గ్లాసు తన్నేస్తుంటే ఈమే కనిపెట్టింది. "పిల్లలకి చెప్పకు, ఆస్పత్రులంటూ వాళ్ల పనులు పాడవుతాయి" అని మాట తీసుకుంది ఆవిడ. వాళ్లిద్దరి మధ్యా ప్రేమలు కారిపోయాయనుకోకండి. "నువ్వు ఉతికితే తెల్లబట్టకి కూడా ఏడుపొస్తుంది" అని పద్దెనిమిదేళ్లు సాధించిన మనిషి. కానీ రోజూ ఎదురెదురుగా కూర్చుని కూరలు తరిగిన ముఖం మర్చిపొమ్మంటే మర్చిపోతుందా? కొడుకులకేం, అన్నం పెట్టే చెయ్యి తెలిస్తే చాలింది.

మూడు రోజులు, ల్యాబ్‌లో భోజనం వేళ అందరూ లేచాక, ఆమె చేత్తో దిద్దింది. రెప్పని దించింది, పెదాలు మూసి పళ్లు దాచింది, బుగ్గల మీద గీతలు తెచ్చింది. తనకి తెలియనిచోట మసకగానే వదిలేసింది. చివరికి చూస్తుంటే అత్తగారు ఎదురుగా కూర్చుని ఏదో వంక పెట్టబోతున్నట్టే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిందీ, తను దిద్దిందీ, రెండు ప్రింట్లూ ఇంట్లో బల్లమీద పరిచింది.

"మొదటిది సూపర్ వదినా! ఆ నవ్వు చూడు, అచ్చం అమ్మే" అన్నాడు మరిది. వీడియో కాల్లో బావగారు కళ్లు తుడుచుకున్నారు. మొగుడు రెండోదాన్ని వేలితో పక్కకి నెట్టాడు. "పక్షవాతం వచ్చినదానిలా ఇదేంటి? ఇది మా అమ్మే కాదు."

"ఆవిడకి ఎడమ కన్ను కనిపించేది కాదండీ. మీకు చెప్పలేదు."

"మా అమ్మ గురించి నువ్వు చెప్పాలా మాకు? బతికున్నన్నాళ్లూ పడలేదు సరే, పోయాక కూడా కక్షేనా?"

ఆమెకి కోపం రాలేదు. అసహ్యం వేసింది. వీళ్లకా ఇన్నాళ్లూ భయపడింది, వీళ్ల మెప్పుకా ఎదురుచూసింది అని తనమీద తనకే సిగ్గేసింది. రెండోదాన్ని పేపర్లో చుట్టి బీరువా మీద పెట్టేసింది.

ఆదివారం గొప్పింటావిడ గోడెక్కింది. వచ్చినవాళ్లంతా ఎంత కళగా ఉందో అన్నారు. "నేనే దగ్గరుండి చేయించాను" అని మొగుడు ప్రతివాళ్లకీ చెప్పుకున్నాడు. ఈమె కాఫీలు అందిస్తూ వింది.

మధ్యాహ్నం అత్తగారి చెల్లెలు వచ్చింది. ఫోటో ముందు నిలబడి, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"అక్క ఫోటో పెట్టలేదేంట్రా? ఈవిడెవరు?"

మొగుడు ఈమె వైపు వేలు చూపించాడు. "ఇదిగో, ఇది చేసిందే. దీన్నే అడుగు పిన్నీ! ఆ కంప్యూటర్‌తో ఏం చేసి తగలేసిందో."

ఆమె లోపలికెళ్లి బీరువా మీది పేపరు చుట్ట తెచ్చి విప్పింది. ముసలావిడ ఆ వాలిన రెప్పమీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"ఇదిగో, ఇదీ మా అక్క. ఈ కన్ను సంగతి నాకొక్కదానికే చెప్పిందనుకున్నానే. నీకెలా తెలుసు?"

"మంచినీళ్లు ఎప్పుడూ కుడివైపు పెట్టేదాన్ని చిన్నత్తయ్యా."

బావగారు తల దించుకున్నారు. మొగుడు మాత్రం చెయ్యి చాచాడు. "సరే సరే, ఇటివ్వు. ఆ ఫ్రేములోది తీసి ఇదే పెట్టేద్దాం."

ఆమె ఫోటోని జాగ్రత్తగా చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి, చిన్నత్తగారి సంచిలో నిలబెట్టింది.

"ఏయ్, మతి పోయిందా? అమ్మ ఫోటో బయటికి పంపించేస్తావేంటి?"

"మీ అమ్మ గోడమీదే ఉన్నారు కదండీ" అంది ఆమె. "ఈవిడ మా అత్తగారు."